గుమ్మం నుంచి గుమ్మానికి

టోక్యో స్టేషన్‌లో క్యోటో వెళ్ళే నొజోమి రైలెక్కాక అమ్మ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. బుల్లెట్ ట్రైన్ అన్న మాట ఏళ్ళ తరబడి వింటూ వచ్చింది కదా, కదిలేటప్పుడు ఒక్క ఊపున వెనక్కి తోసేస్తుందని ఆవిడ భయం. కాసేపు అలాగే ఉండి, కళ్ళు తెరవకుండానే "ఇంకా బయల్దేరలేదేంటమ్మా?" అంది. ప్లాట్‌ఫాం స్తంభాలు అప్పటికే కిటికీలోంచి వెనక్కి జారిపోతున్నాయి. భుజం తట్టి చూపించాను. కొంచెంసేపు బయటికి చూసి, సంచి పక్కన పెట్టి, మోకాళ్ళు నెమ్మదిగా చాపుకుంది. ముందు సీటుకీ మా సీటుకీ మధ్య అందుకు సరిపడా చోటుంది.

తెలిసినవాళ్ళు నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది. "హైస్పీడ్ రైళ్ళకు అంత పేరుంది, ఎక్కితే నిజంగా అంత బాగుంటుందా?" పన్నెండేళ్ళుగా నా ఉద్యోగం ప్యాకింగ్ యంత్రాలు బిగించడం, మొరాయిస్తే వెళ్ళి బాగుచేయడం. ఆ పని మీద జపాన్, ఫ్రాన్స్, స్పెయిన్, చైనా తిరిగాను. వీలున్నచోటల్లా రైలే ఎక్కాను. ప్రతి ప్రయాణానికీ ఒక చిన్న నోట్‌బుక్‌లో ఐదు టైములు రాసుకోవడం నాకు అలవాటు. గది తలుపు వేసిన టైము, స్టేషన్‌లో అడుగుపెట్టిన టైము, రైలు కదిలిన టైము, దిగిన టైము, చేరాల్సిన చోట తలుపు తీసిన టైము. టికెట్టు మీద ఉండేవి వీటిలో మూడోదీ నాలుగోదీ మాత్రమే. హైస్పీడ్ రైళ్ళు పేరు తెచ్చుకున్నది ఆ రెంటి మధ్య. ఆ పేరు నిలిచేదీ పోయేదీ మాత్రం మిగతా టైముల దగ్గరే అని నా నోట్‌బుక్ చెబుతోంది.

అందరూ ముందు అడిగేది వేగం గురించే కాబట్టి అది చెప్పేస్తాను. లోపల కూర్చున్న మనిషికి గంటకు 300 కిలోమీటర్ల వేగం దాదాపు తెలియదు. పట్టాలను అతుకుల్లేకుండా చాలా పొడవున వెల్డింగ్ చేస్తారు, అందుకే రైలంటే చెవికి అలవాటైన ఆ టకటక వినపడదు. వంపులు కూడా బాగా పెద్దవి. మొట్టమొదటిదైన, టోక్యో–ఒసాకా మధ్య వేసిన టొకైడో లైన్లో వంపు వ్యాసార్ధం సాధారణంగా 2500 మీటర్లు. తర్వాత 300 కిలోమీటర్ల వేగానికని కట్టిన లైన్లలో 4000, ఇంకా పైన. అంత పెద్ద వంపులో రైలు తిరుగుతున్నట్టే అనిపించదు. ఒకసారి మడత బల్ల మీద గుండ్రటి పెన్ను అడ్డంగా పెట్టి చూశాను. చాలాసేపు దొర్లకుండా అక్కడే ఉంది.

వేగం ఒంటికి తెలిసేది ఎదురు రైలు వచ్చినప్పుడు. టొకైడో లైన్లో రెండు రైళ్ళూ 285తో వస్తుంటే, పదహారు పెట్టెల రైలు, అంటే దాదాపు 400 మీటర్ల పొడవు, రెండున్నర సెకన్లలో దాటిపోతుంది. కిటికీ అద్దం మీద దబ్బున ఒక దెబ్బ, కళ్ళ ముందు తెల్లటి చార, మళ్ళీ ఇళ్ళూ పొలాలూ. మొదటిసారి అమ్మ ఉలిక్కిపడింది. రెండోసారికి "ఇంకోటి పోయింది" అని తనే చెప్పింది.

సొరంగంలోనూ తెలుస్తుంది. ఇరుకైన గొట్టంలోకి పిస్టన్ దూరినట్టు రైలు దూరేసరికి ముందున్న గాలి నొక్కుకుపోయి, ఆ ఒత్తిడి అలలా ధ్వని వేగంతో అవతలి కొసకు పరుగెడుతుంది. పెట్టెల్లోకి ఆ ఒత్తిడి రాకుండా తలుపులు బిగుతుగా మూసుకునే ఏర్పాటు ఉంటుంది కాబట్టి మనకు చెవులు కొంచెం మూసుకుపోయినట్టు అనిపించడంతో సరిపోతుంది. అసలు బాధ బయటివాళ్ళది. ఆ అల సొరంగం నోట్లోంచి పేలినట్టు బయటపడితే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు అదిరిపడతారు. 1997లో వచ్చిన 500 శ్రేణి రైలు ముక్కును అందుకే 15 మీటర్ల పొడవున, లకుముకి పిట్ట ముక్కులా చేశారు. ఆ పని చూసిన ఇంజనీరు ఎయిజి నకాత్సుకు పక్షులంటే ఇష్టం. గాలిలోంచి నీళ్ళలోకి దూకినా నీళ్ళు పెద్దగా చిందనివ్వని పిట్టను చూసి, తేలిక చోటు నుంచి బిగుతు చోటుకు ఎలా దూరాలో ఆలోచించాడాయన. రైలు దిగాక దాని ముక్కు దగ్గర నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్ళను చూస్తే నాకు ఈ సంగతి వెళ్ళి చెప్పాలనిపిస్తుంది. ఆ అందం లోపలివాళ్ళ వేగం కోసం వచ్చినంతగా బయట నిద్రపోయేవాళ్ళ కోసం కూడా వచ్చింది.

వేగంలోనే అసలు విషయం ఉందనుకునే రోజుల్లో షాంఘైలో మాగ్లెవ్ ఎక్కాను, అంటే అయస్కాంతాల బలంతో దారిని తాకకుండా తేలుతూ వెళ్ళే రైలు. పుడాంగ్ విమానాశ్రయం నుంచి లాంగ్‌యాంగ్ రోడ్ వరకు 30 కిలోమీటర్లు, ఎనిమిది నిమిషాలు. అప్పట్లో గంటకు 431 కిలోమీటర్లు అందుకునేది. తలుపు పైన అంకె 431 చూపించగానే పెట్టెలో అందరూ ఫోన్లు ఎత్తారు. నేనూ ఎత్తాను. ఆ అంకె కాసేపే ఉంది, తర్వాత తగ్గుతూ వచ్చింది. దిగాక నగరం నడిబొడ్డుకు వెళ్ళాలంటే మెట్రో మారాలి. మెట్లు దిగి, వరసలో నిలబడి, రైలు కోసం ఆగి, నేను వెళ్ళాల్సిన చోటుకు చేరేసరికి ఇంకో ముప్పై ఎనిమిది నిమిషాలు. నా నోట్‌బుక్‌లో ఆ పేజీలో ఎనిమిది కింద గీత గీసి, ముప్పై ఎనిమిది చుట్టూ సున్నా చుట్టి ఉంది.

ఆ రాత్రే గదిలో కూర్చుని ఈ లెక్క వేశాను. వంద కిలోమీటర్ల దూరానికి, గంటకు 100తో వెళితే గంట. 200తో అయితే అరగంట, అంటే ముప్పై నిమిషాలు మిగిలాయి. 300కు పెంచితే ఇరవై నిమిషాలు, ఈసారి మిగిలింది పది. 350కి పెంచితే మిగిలేది మూడు నిమిషాలు కూడా కాదు. గాలి అడ్డు మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 300 నుంచి 350కి వెళ్ళేసరికి 36 శాతం ఎక్కువవుతుంది. బీజింగ్–షాంఘై లాంటి 1318 కిలోమీటర్ల దారిలో ఆ మూడేసి నిమిషాలు పోగై అరగంట దాటతాయి, అక్కడ దానికి అర్థముంది. రెండు మూడు వందల కిలోమీటర్ల దారిలో అయితే స్టేషన్ బయట ట్యాక్సీ వరసలో పెట్టెతో నిలబడేసరికి ఆ లాభం కాస్తా ఖర్చైపోతుంది.

ఇక బాగున్న సంగతి. మాడ్రిడ్‌లో పని ముగించి బార్సిలోనా ఫ్యాక్టరీకి వెళ్ళాలి. నాతోపాటు ఇంకో ఇంజనీరు ఉన్నాడు, ఆయన విమానం బుక్ చేసుకున్నాడు. ఒకే హోటల్, పొద్దున ఒకే టైముకు గదులు ఖాళీ చేశాం. విమానం గాల్లో ఉండేది గంటంపావు. రైలు 621 కిలోమీటర్లకు ఆగకుండా వెళ్ళేదైతే రెండున్నర గంటలు. టికెట్టు చూస్తే ఆయనే ముందుండాలి. నేను అటోచా స్టేషన్‌కు వెళ్ళి, సంచి స్కానింగ్‌లో పెట్టి, బయల్దేరడానికి పావుగంట ముందు సీట్లో కూర్చున్నాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆయన కోసం ఇరవై నిమిషాలు ఎదురుచూశాను.

ఆ ఇరవై నిమిషాలు నాకు పెద్ద విషయంగా అనిపించలేదు. ఆ రైల్లో రెండున్నర గంటలూ నాకు ఒకే ముక్కగా దొరికాయి, అది పెద్ద విషయం. పాత యంత్రం వైరింగ్ బొమ్మ బల్ల మీద పరిచి, ఏ రిలే దగ్గర కరెంటు తెగుతోందో వేలు పెట్టి వెతుక్కుంటూ కూర్చున్నాను. దారి సగం అయ్యేసరికి దొరికింది. ఆయనదీ దాదాపు అంతే సేపు, కానీ ముక్కలు ముక్కలు. బెల్టు విప్పడం, బూట్లు విప్పడం, గేటు మారడం, కూర్చోవడం, లేవడం, ల్యాప్‌టాప్ మూయమన్నప్పుడు మూయడం, బస్సులో నిలబడడం. ఒక్క ముక్కలోనూ పని చేయడానికి వీల్లేదు, నిద్రపోవడానికీ వీల్లేదు. హైస్పీడ్ రైలు మనకు ఇచ్చేది తక్కువ సమయం అనుకుంటారు. నేను డబ్బు పెట్టి కొనుక్కునేది తెగని సమయాన్ని.

అందుకే సమయాన్ని తెగ్గోసే ఏర్పాట్లు ఎక్కడ వచ్చి చేరినా నాకు బాధేస్తుంది. లండన్–పారిస్ రైలు రెండుంపావు గంటల్లో చేరుస్తుంది, నిజంగా హాయైన దారి. కానీ ఎక్కే ముందే సామాను తనిఖీ, రెండు దేశాల పాస్‌పోర్టు తనిఖీలూ అవ్వాలి కాబట్టి గంట ముందు వెళ్ళక తప్పదు. సరిహద్దు దాటుతున్నప్పుడు దానికో కారణం ఉంది. సరిహద్దే లేని చోట కూడా విమానాశ్రయం పద్ధతిలో వరసలు కట్టించి, గేట్లు ముందుగా మూసేసి, స్టేషన్‌ను ఊరి బయట పెద్ద హాలులా కడుతుంటే, ఆ రైలు తన అసలు బలాన్ని తానే వదులుకుంటున్నట్టు అనిపిస్తుంది.

ఊరి బయట స్టేషన్ ఎంత కష్టపెడుతుందో ఒక రాత్రి బాగా తెలిసింది. ఏ దేశం, ఏ లైను అన్నది చెప్పను. కొత్త లైను, కొత్త స్టేషన్, గాజు గోడలు. రైలు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నాతోపాటు దిగినవాళ్ళు తొమ్మిదిమంది. ఊళ్ళోకి వెళ్ళే ఆఖరి బస్సు రైలు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. చుట్టూ చీకటి పొలాలు, కనుచూపు మేర ఒక్క ఇల్లు లేదు. లోపల దీపాలు ఒక్కో వరసా ఆర్పేస్తున్నారు. ముసలాయన ఒకరు మందుల డబ్బా తీసి, నీళ్ళ సీసా కోసం మూసేసిన కొట్టు వైపు చూస్తున్నారు. నా సీసా ఇచ్చాను. ఊళ్ళోంచి రెండు ట్యాక్సీలు వచ్చి అందరినీ రెండు దఫాలుగా చేరవేసేసరికి గంటా ఇరవై నిమిషాలు. రైల్లో కూర్చున్నది యాభై నిమిషాలు. పాత లైను స్టేషన్ ఊరి మధ్యలోనే ఉందని, కానీ అక్కడికి వచ్చే రైళ్ళు తగ్గించేశారని ట్యాక్సీ నడిపినావిడ చెప్పింది.

ఇది కొత్త సమస్యేమీ కాదు. ఫ్రాన్స్‌లో ఊట్-పికార్డీ స్టేషన్‌ను రెండు ఊళ్ళకు మధ్య పొలాల్లో కడితే జనం దానికి బీట్‌దుంపల స్టేషన్ అని పేరు పెట్టారు. అదే ఫ్రాన్స్ 1981లో పారిస్–లియాన్ మధ్య టీజీవీ అనే తన హైస్పీడ్ రైలును మొదలుపెట్టినప్పుడు చాలా తెలివైన పని కూడా చేసింది. ఊళ్ళ మధ్య వేగపు పట్టాలు కొత్తగా వేసి, ఊరు రాగానే రైలును పాత పట్టాల మీదకు మళ్ళించి, నడిబొడ్డున ఉన్న పాత స్టేషన్లలోకే తీసుకెళ్ళింది. చివరి కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా వెళుతుంది, అయినా దిగితే ఊళ్ళోనే దిగుతాం. జపాన్‌కు ఆ వీలు లేదు. అక్కడి పాత పట్టాల వెడల్పు 1067 మిల్లీమీటర్లు, షింకన్‌సెన్‌కు, అంటే అక్కడి హైస్పీడ్ రైళ్ళకు, 1435. మొత్తం దారి కొత్తగా వేయాల్సి వచ్చింది. ఒసాకాలో అది పాత స్టేషన్‌కు కాకుండా షిన్-ఒసాకాకు వెళ్ళడం అందుకే. షిన్ అంటే కొత్త. అక్కడి నుంచి పాత ఒసాకా స్టేషన్ లోకల్ రైలుకు ఒక్క స్టాపే, వెంటవెంటనే రైళ్ళుంటాయి. ఆ ఒక్క స్టాపు దూరమూ, ఆ రాత్రి నేను చూసిన పొలాల దూరమూ ఒకటి కావు.

జపాన్ అలా వేరే పట్టాలు వేసుకోవడం వల్లే మిగతా మేలంతా జరిగిందని నాకనిపిస్తుంది. 1964 అక్టోబరు 1న ఆ లైను మొదలైనప్పుడు టోక్యో–ఒసాకా మధ్య ఆరున్నర గంటల దారి నాలుగు గంటలకు తగ్గింది. ఇప్పుడు అన్నిటికంటే వేగంగా వెళ్ళే నొజోమికి 2 గంటల 21 నిమిషాలు. గూడ్సు రైలు అడ్డం రాదు, లెవెల్ క్రాసింగ్ లేదు. అన్నీ ఇంచుమించు ఒకే వేగంతో నడిచే రైళ్ళే. అందుకే రద్దీ వేళల్లో గంటకు పన్నెండు నొజోమీలు కూడా వదలగలుగుతున్నారు, ఒక్కోదానిలో 1323 సీట్లు. తుఫాన్లూ మంచూ కలుపుకుని కూడా ఏడాది సగటు ఆలస్యం నిమిషాల్లో ఒకటీ రెండూ దాటదు. ఒక రైలు తప్పినా కొద్ది నిమిషాల్లో ఇంకోటి ఉందన్న ధీమా ఉంటే గంట ముందు స్టేషన్‌కు పరుగెత్తాల్సిన పని లేదు. నా దృష్టిలో 285 కంటే ఆ పన్నెండు గొప్ప అంకె.

దీన్ని పట్టుబట్టి కట్టించిన ఇద్దరి గురించి తలచుకోకుండా ఉండలేను. అప్పటి జాతీయ రైల్వే అధ్యక్షుడు షింజి సొగో, చీఫ్ ఇంజనీరు హిదెయో షిమా. విమానాలూ కార్ల కాలంలో రైలుకు ఇంత డబ్బెందుకని చాలామంది అన్నారు. ప్రపంచ బ్యాంకు నుంచి 8 కోట్ల డాలర్ల అప్పు తెచ్చారు. ఖర్చు మొదటి అంచనాకు దాదాపు రెట్టింపయింది. ఆ కారణంగా 1963లో ఇద్దరూ తప్పుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడు టోక్యో స్టేషన్‌లో మొదటి రైలు బయల్దేరే వేడుకకు ఇద్దరికీ పిలుపు రాలేదు. ఈ సంగతి చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేసినట్టవుతుంది.

భద్రత విషయంలో ఈ రైలుకున్న పేరు న్యాయమైనదే. రైళ్ళు ఢీకొని గానీ, పట్టాలు తప్పి గానీ షింకన్‌సెన్‌లో ప్రయాణికులు చనిపోయిన సంఘటన ఇంతవరకు లేదు. 2004లో నీగాటా భూకంపంలో 200 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న రైలు పట్టాలు తప్పినా లోపలున్న సుమారు 150 మందిలో ఎవరూ చనిపోలేదు. ఇదంతా జాగ్రత్త వల్ల వచ్చింది, వేగం దానంతటది ఎవరినీ క్షమించదు. 300 కిలోమీటర్ల దగ్గర రైలు సెకనుకు 83 మీటర్లు వెళుతుంది, ఆపాలంటే మూడు కిలోమీటర్ల పైన కావాలి. పట్టాల పక్కనుండే సిగ్నల్‌ను కంటితో చూసి బ్రేకు వేసే పద్ధతి అక్కడ పనికిరాదు. అందుకే డ్రైవరుకు ఎదురుగా, క్యాబిన్ లోపలే సిగ్నల్ కనిపిస్తుంది, వేగం మించితే యంత్రమే ఆపుతుంది. ఆ గొలుసులో ఒక్క లంకె వదులైనా ఏమవుతుందో 2011లో చైనాలోని వెన్‌జౌ దగ్గర చూశాం, పిడుగుకు సిగ్నల్ పరికరం పాడై, ఒక రైలు ఇంకోదాన్ని గుద్ది 40 మంది పోయారు. 2013లో స్పెయిన్‌లోని సాంటియాగో దగ్గర 80తో తిరగాల్సిన వంపులో రైలు అంతకు రెట్టింపు వేగంతో వచ్చింది. అక్కడ దానంతటదే వేగం తగ్గించే ఏర్పాటు లేదు. దాదాపు 80 మంది చనిపోయారు.

ఈ రైళ్ళు వచ్చినచోట పోయేది కూడా ఒకటుంది, అది మంచి పేరు చాటున కనపడదు. 1997 అక్టోబరు 1న నగానో వైపు షింకన్‌సెన్ మొదలైంది. అదే రోజు నుంచి ఉసుయి కనుమ మీది పాత లైను, యొకొకావ–కరుయిజావ మధ్య, మూసేశారు. వెయ్యి మీటర్లకు 66.7 మీటర్లు ఎక్కే నిటారు దారి అది. ప్రతి రైలుకూ పల్లం వైపు కొసన రెండు ప్రత్యేక ఇంజన్లు తగిలించి పైకి నెట్టేవారు. ఇప్పుడు ఆ రెండు ఊళ్ళ మధ్యా బస్సు. నేను ఒక సెలవు రోజున పనిగట్టుకుని ఆ బస్సెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ కూరగాయల మొక్కలు నారుకట్టలుగా కాగితంలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వంపు తిరిగినప్పుడల్లా రెండు చేతులూ వాటి చుట్టూ వేసేవారు. కింద ఎక్కడో సొరంగంలో షింకన్‌సెన్ ఆ కొండను కొద్ది నిమిషాల్లో దాటేస్తోంది. ఆవిడ ఊళ్ళో అది ఆగదు.

క్యోటో రెండుంపావు గంటల దారి. అమ్మకు E సీటు ఇప్పించాను, పడమటికి వెళుతుంటే కుడి కిటికీ పక్కన వచ్చేది. ముప్పావుగంట దాటాక ఫూజీ కొండ కనిపించింది. దగ్గరి తీగలూ కంచెలూ గీతల్లా చెరిగిపోతుంటే, ఆ వెనక కొండ మాత్రం మాతోపాటే నిదానంగా జరుగుతూ నిమిషాల తరబడి నిలిచింది. అమ్మ అద్దం మీద వేలితో దాని అంచు గీస్తూ ఉండిపోయింది, ఒక్క మాటా మాట్లాడలేదు.

క్యోటోలో తలుపు తెరుచుకుంది. రైలు నేలా ప్లాట్‌ఫాం నేలా ఒకే ఎత్తులో ఉన్నాయి. ఫ్రాన్స్‌లో నేను చాలాసార్లు పెట్టె ఎత్తుకుని రైలు మెట్లెక్కాను, దిగాను. అప్పుడు అది లెక్కలోకి రాలేదు. అమ్మ గడప దగ్గర అలవాటుగా ఆగి, కిందికి దిగడానికి నా భుజం పట్టుకుంది. మెట్టు లేదు. ఒక్క క్షణం నేలకేసి చూసి, భుజం వదిలేసి, ఒక అడుగు ముందుకేసింది.

లిఫ్టు, దారి చూపే పసుపు గీత, ట్యాక్సీ, గది. తలుపు తీసి, గోడ గడియారం చూసి, నోట్‌బుక్‌లో ఐదో టైము రాస్తున్నాను. అమ్మ మంచం మీద కూర్చుని మోకాళ్ళు తడుముకుంటూ, "మోకాళ్ళు నొప్పెట్టలేదని కూడా రాయమ్మా" అంది. దానికి గడి లేదు. అంచున చోటు చూసుకుని రాశాను.